రీలు చూపేదెంత, దాచేదెంత?

అవగాహన: పాత చలనచిత్ర దృశ్యాలు, చరిత్ర ఆధారాలు

చరిత్రకు ఆధారాలేవని అడిగితే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ఫర్మానాలని వరుసగా చెప్పేస్తాం. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ఆ వరుసలో కదిలే బొమ్మ కూడా చేరింది. వార్తాచిత్రం, డాక్యుమెంటరీ, ఇంట్లో తీసుకున్న చిన్న రీలు, పెళ్లి క్యాసెట్టు అన్నీ దాని కిందికే వస్తాయి. పోటీ పరీక్షల పుస్తకాలు ఈ భాగాన్ని దాదాపు వదిలేస్తున్నాయి. గ్రూప్స్‌కు చదివే వికారాబాద్, తాండూరు అభ్యర్థులు జనరల్ ఎస్సేలోనూ, ఆధునిక చరిత్రలోనూ వాడుకోగలిగిన విషయం ఇందులో చాలా ఉంది. అయితే కంటికి కనిపించింది కదా అని రీలును నమ్మేస్తే మార్కులూ పోతాయి, చరిత్రా తప్పుతుంది. ఎవరు తీశారు, ఎవరి డబ్బుతో తీశారు, ఎవరికి చూపించడానికి తీశారు అన్న మూడు ప్రశ్నలూ అడిగాకే అది ఆధారమవుతుంది.

ఇంగ్లండ్ అనుభవం: యుద్ధం

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తీసిన ‘బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ ఈ పాఠానికి మంచి మొదలు. ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర 1916 జూలై 1న మొదలైన దాడిని జెఫ్రీ మాలిన్స్, జాన్ మెక్‌డొవెల్ అనే ఇద్దరు కెమెరామెన్ చిత్రీకరించారు. ఆ ఒక్క రోజే 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. ఆగస్టులోనే సినిమా లండన్ హాళ్లకు వచ్చింది. ఆరు వారాల్లో దాదాపు 2 కోట్ల టికెట్లు తెగాయని అంచనా. కొడుకో, భర్తో కనబడతాడేమోనని తెరకేసి వెతికినవాళ్లు ఎందరో.

ఇక్కడో మెలిక ఉంది. ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయే దృశ్యం, కందకంలోంచి సైనికులు పైకెక్కి దాడికి వెళుతుంటే కొందరు కూలిపోవడం. అది యుద్ధరంగంలో తీసింది కాదనీ, వెనకనున్న శిక్షణ స్థలంలో తీయించిందనీ చరిత్రకారులు తేల్చారు. అంతమాత్రాన సినిమా అంతా అబద్ధమైపోదు. దాడికి ముందు ఎదురుచూస్తున్న సైనికుల ముఖాలు, మోసుకొచ్చిన క్షతగాత్రులు, పట్టుబడ్డ జర్మన్లు నిజమే. ఒకే రీలులో సాక్ష్యమూ నటనా కలిసి ఉంటాయనడానికి దీనికి మించిన ఉదాహరణ దొరకడం కష్టం. 2005లో యునెస్కో దీన్ని ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ రిజిస్టరులో చేర్చింది. ఈ చిత్రాన్ని భద్రపరిచింది లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం. యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1917లో, ఆ మ్యూజియాన్ని నెలకొల్పారు.

ఆ మ్యూజియం దృశ్యాలతోనే పీటర్ జాక్సన్ 2018లో ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ తీశాడు. మూగ దృశ్యాలకు రంగులద్దాడు, పెదవుల కదలికలను బట్టి మాటలు కట్టించాడు. పాత రీళ్లలో మనుషులు పరుగులు పెడుతున్నట్టు ఎందుకు కనిపిస్తారో కూడా ఇక్కడే తెలుసుకోవచ్చు. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 13 నుంచి 18 ఫ్రేముల దాకా పడేవి. వాటిని 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే నడక పరుగవుతుంది. జాక్సన్ ఆ వేగాన్ని సరిచేశాడు. ప్రేక్షకుడికి అది కనువిందే. పరీక్ష జవాబులో మాత్రం ఆ రంగూ ఆ శబ్దమూ 2018 నాటివని, 1916 నాటివి కావని గుర్తుపెట్టుకుని రాయాలి.

ఇంగ్లండ్ అనుభవం: రోజువారీ బతుకు

నా లెక్కలో యుద్ధ రీళ్లకన్నా విలువైనవి ఫ్యాక్టరీ గేటు రీళ్లు. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో బ్లాక్‌బర్న్ అనే నేతమిల్లుల ఊరు ఉంది. అక్కడ సాగర్ మిచెల్, జేమ్స్ కెన్యన్ అనే ఇద్దరు భాగస్వాములు 1900 ప్రాంతంలో ఒక వ్యాపారం నడిపారు. షిఫ్టు దిగి మిల్లు గేటులోంచి బయటికొస్తున్న కూలీలను కెమెరాలో పట్టేవారు. ఆ రీళ్లను తీయించింది ఎక్కువగా జాతరల్లో గుడారాలు వేసి బొమ్మలాడించేవాళ్లు. ‘మిమ్మల్ని మీరే తెరమీద చూసుకోండి’ అని వాళ్లు పిలిస్తే, పొద్దున కెమెరాకు చేయి ఊపిన పిల్లలే సాయంత్రం టికెట్టు కొనుక్కుని వచ్చేవారు.

తర్వాత వాటిని అందరూ మరిచిపోయారు. 1994లో బ్లాక్‌బర్న్‌లో ఒక పాత దుకాణం నేలమాళిగలో లోహపు డ్రమ్ములు బయటపడ్డాయి. తెరిచి చూస్తే 800కు పైగా నెగటివ్ రీళ్లు. పారేయబోతున్నవాటిని ఒక స్థానిక సినిమా అభిమాని కాపాడాడు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాటిని బాగుచేసింది. ఆ సంస్థ 1933లో ఏర్పడింది, దాని ఆర్కైవ్ 1935లో. తలపై శాలువాలు కప్పుకున్న మిల్లు స్త్రీలు, మిల్లులో పనిచేసే చిన్న పిల్లలు, ట్రాములు, దుకాణాల బోర్డులు ఈ రీళ్లలో కనిపిస్తాయి. చట్టాల పుస్తకంలో ‘బాల కార్మికులు’ అని చదివితే తెలిసేది ఒకటి, వాళ్ల ఎత్తూ చెప్పులూ నవ్వూ చూస్తే తెలిసేది ఇంకొకటి.

కేటలాగు పేరును కూడా నమ్మకూడదు. 1899లో ఒక బ్రిటిష్ కంపెనీ ‘కలకత్తా దృశ్యమాలిక’ అన్న అర్థమొచ్చే పేరుతో ఒక చిన్న రీలు విడుదల చేసింది. భారత్‌లో తీసి, ఇప్పటికీ మిగిలిన అతి పాత రీళ్లలో అదొకటి. పడవలోంచి కనిపించే ఆ మెట్లూ గుడులూ కలకత్తావి కావు, కాశీ ఘాట్లవి. లండన్‌లో అమ్ముకునేవాడికి ఆ తేడా పట్టలేదు.

మన దేశం: యుద్ధకాలపు ప్రచారం

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ సర్కారు 1940లో ఇక్కడ ‘ఫిల్మ్ అడ్వైజరీ బోర్డు’ను పెట్టింది. జె.బి.హెచ్. వాడియా దీనికి అధ్యక్షుడు. వి. శాంతారామ్ కొంతకాలం ముఖ్య నిర్మాతగా పనిచేశాడు. 1943లో దీని స్థానంలో ‘ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా’, ‘ఇండియన్ న్యూస్ పరేడ్’ వచ్చాయి. ఇంగ్లిష్, హిందుస్తానీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ వ్యాఖ్యానం ఉండేది. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద, సినిమా హాలువాడు ప్రతి ఆటలోనూ సర్కారు ఆమోదించిన రీలు వేయాల్సిందే. ‘అసలు సినిమాకు ముందు న్యూస్‌రీలు’ అనే అలవాటు మూలం ఆ నిబంధనలోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ తప్పనిసరి పద్ధతి మళ్లీ వచ్చింది.

1942 క్విట్ ఇండియా సంవత్సరం, 1943 బెంగాల్ కరువు సంవత్సరం. సర్కారు కెమెరా పని మాత్రం సైన్యంలో చేర్పించడం, యుద్ధానికి జనాన్ని ఒప్పించడం. జైళ్లూ ఆకలి శవాలూ ఆ రీళ్లలో వెతికితే లాభం లేదు. తెరమీద లేనంత మాత్రాన అవి జరగలేదని కాదు.

1946లో ఈ విభాగాలను మూసేశారు. దాంతో 1947 ఆగస్టు 15 నాటికి భారత ప్రభుత్వానికి సొంత చిత్ర విభాగమే లేకుండా పోయింది. ఇప్పుడు ప్రతి ఏడాదీ టీవీలో చూసే ఆనాటి దృశ్యాలు విదేశీ వార్తాచిత్ర సంస్థలూ, సొంతంగా కెమెరా పట్టిన మనవాళ్లూ తీసినవి. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడ్డాక ఆ లోటు తీరింది. ఈ వరుస, అంటే 1940, 1943, 1946, 1948, ప్రిలిమ్స్‌కు తేలిగ్గా అడగదగ్గది.

హైదరాబాద్ సంస్థానం: రెండు యుద్ధాలు, ఒక సైనిక చర్య

నిజాం డబ్బు బ్రిటిష్ యుద్ధ రీళ్లలో పరోక్షంగా ఉంది. మొదటి యుద్ధంలో ఆయన విరాళంతో రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు వచ్చాయి. అది ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అనిపించుకుంది. 1940 నాటి ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’లో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ ఉంది. ఆస్ట్రేలియా నౌకాదళం నడిపిన ఒక డిస్ట్రాయర్ పేరు ‘నిజాం’. కాబట్టి ఇంగ్లండ్ ఆర్కైవుల్లో ‘హైదరాబాద్’ అని వెతికితే మన ఊరు రాకుండా విమానాలు రావచ్చు. సింధ్‌లోని హైదరాబాద్ కూడా రావచ్చు. ‘దక్కన్’ చేర్చి వెతకాలి.

హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న మొదలుపెట్టిన ఆపరేషన్ పోలో 17 నాటికి ముగిసింది. నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరుసటి రోజు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ట్యాంకులు, జనం జేజేలు, ఇద్దరు అధికారులు ఎదురుపడటం మనకు అలవాటైన బొమ్మలు. పరీక్షలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు.

కెమెరా ఎవరి వెంట వచ్చింది? గెలిచిన సైన్యం వెంట. దానికి ముందు, నిజాం పక్షాన ఆయుధాలు పట్టి పల్లెల మీద పడ్డ రజాకార్ల దౌర్జన్యమూ, తర్వాత నెలల్లో సంస్థానం పశ్చిమ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసా ఆ బొమ్మల్లో లేవు. ఆ రెండో సంగతికి కాగితమే ఆధారం. ప్రధాని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగి, ప్రాణనష్టం 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటుందని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయని చెప్పింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. రీలునూ నివేదికనూ పక్కపక్కన పెట్టి రాసిన జవాబు, ఒక్క రీలునే వర్ణించిన జవాబు కంటే ఎప్పుడూ మెరుగే.

ఇదే చోట ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ని తెలంగాణ సాయుధ పోరాటానికి దృశ్య ఆధారంగా రాసేస్తుంటారు. అది 1980లో విడుదలైన కథాచిత్రం. పోరాటాన్ని డెబ్బైల చివర్లో ఎలా తలుచుకున్నారో అది చెబుతుంది. 1948లో ఒక పల్లె ఎలా ఉందో చెప్పే సాక్ష్యంగా దాన్ని వాడకూడదు.

వికారాబాద్, తాండూరు: ఏ పేరు కింద వెతకాలి?

ఆర్కైవులో వెతకడమంటే సగం పని పాలనా సరిహద్దులు తెలుసుకోవడమే. మన జిల్లా ఇందుకు మంచి ఉదాహరణ. వికారాబాద్ పేరు ‘పాయిగా’ వంశ ప్రభువు, 1893 నుంచి 1901 దాకా నిజాం దివాన్‌గా ఉన్న వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. పాత ఇంగ్లిష్ కాగితాల్లో ఆ పేరును ‘కె’ బదులు ‘సి’తో రాసేవారు. ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే అవి దొరకవు.

తాండూరు సంగతి ఇంకా తమాషా. 1956 దాకా అది గుల్బర్గా జిల్లా తాలూకా. కొడంగల్ కూడా అంతే. రాష్ట్రాల పునర్విభజన చట్టంతో ఈ రెండూ తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. తాండూరు హైదరాబాద్ జిల్లాలో కలిసి, 1978లో రంగారెడ్డి జిల్లా కిందికి వెళ్లి, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లాలో చేరింది. అంటే 1948 నాటి తాండూరు బొమ్మ ఏదైనా ఉంటే దాని డబ్బా మీద ‘గుల్బర్గా’ అని ఉండే అవకాశమే ఎక్కువ. సుందర్‌లాల్ నివేదికలోని జిల్లాల పేర్లు చదివేటప్పుడు కూడా ఈ సరిహద్దు గుర్తుంచుకోవాలి.

రైలు ఇంకో దారి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా, తర్వాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేలో భాగమైన లైనును 1874లో వేశారు. అది తాండూరు, వికారాబాద్ మీదుగానే పోతుంది. బొంబాయి నుంచి హైదరాబాద్‌కు వచ్చే దొరలూ, అధికారులూ, చేతిలో 16 ఎం.ఎం. కెమెరా ఉన్న వాళ్లూ ఈ లైను మీదే వచ్చారు. భారత్‌లో పనిచేసిన బ్రిటిష్ కుటుంబాల ఇంటి రీళ్ల సేకరణ ఒకటి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో ఉంది. అలాంటి రీళ్లలో ఊరి పేరు ఉండదు. కిటికీలోంచి కనిపించే స్టేషను బోర్డు, పరిచిన నాపరాయి, కాగ్నా లాంటి వాగు వంతెన పట్టి ఊరును గుర్తించాల్సింది ఇక్కడివాళ్లే. లండన్ కేటలాగరు చేయలేని పని అది.

రీలు ఎలా చచ్చిపోతుంది?

సైన్స్ అండ్ టెక్నాలజీ పేపరుకు ఈ భాగం. తొలి రీళ్లు సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసినవి. దాని అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. 1950ల మొదట్లో దాని తయారీ ఆగి, సెల్యులోజ్ అసిటేట్ వచ్చింది. అది అంత తేలిగ్గా అంటుకోదు కానీ వేడికీ తేమకూ కుళ్లి అసిటిక్ ఆమ్లం వదులుతుంది. డబ్బా తెరిస్తే వెనిగర్ కంపు కొడుతుంది కనుక దీన్ని ‘వెనిగర్ సిండ్రోమ్’ అంటారు. ఇప్పటి పాలియెస్టర్ ఫిల్ము చల్లగా, పొడిగా ఉంచితే చాలాకాలం మన్నుతుంది.

మన దేశంలో వాతావరణంతో పాటు నిర్లక్ష్యమూ రీళ్లను చంపింది. బొమ్మ పొరలో వెండి ఉంటుంది. ఆడటం అయిపోయిన రీళ్లను వెండి తీయడానికి కరిగించారు. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ లేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ లేదు. 1921 నాటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. పూణేలో 2003లో నైట్రేట్ గిడ్డంగి కాలిపోయి మరికొన్ని పోయాయి. సినిమాలకే ఆ గతి పడితే వార్తాచిత్రాల సంగతి చెప్పేదేముంది!

సంస్థలు, చట్టాలు

నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఆఫ్ ఇండియా 1964లో పూణేలో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాడు పి.కె. నాయర్. 2022లో దీన్నీ ఫిల్మ్స్ డివిజన్‌నూ నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కేంద్ర ప్రభుత్వ పథకం. శివేంద్రసింగ్ దుంగార్పుర్ 2014లో స్థాపించిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ప్రైవేటు సంస్థ. ఈ రెంటినీ కలగాపులగం చేయొద్దు. ఫిల్మ్ ఆర్కైవుల అంతర్జాతీయ సమాఖ్య 1938లో పారిస్‌లో పుట్టింది. అక్టోబరు 27 ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినం. 1980లో యునెస్కో చేసిన సిఫారసుకు గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రానికి హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ప్రభుత్వ చిత్రాలకూ అంతే. హక్కు తీరిపోయినా రీలు ఉన్న డబ్బా తాళం ఎవరి దగ్గర ఉందన్నది వేరే సంగతి. బ్రిటిష్ పాథే 2014లో తన దగ్గరున్న దాదాపు 85 వేల చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టేసింది. మన దేశపు పాత దృశ్యాలు కొన్ని లండన్ నుంచి తేలిగ్గా దొరికి, ముంబయి నుంచి కష్టంగా దొరకడంలో ఉన్న వింత మెయిన్స్ జవాబులో ఒక వాక్యానికి తగినదే.

మన బీరువాల్లో ఉన్న ఆర్కైవ్

బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ గేటు రీలుకు తాండూరులో సమానమైనదేది? నన్నడిగితే 1990ల పెళ్లి క్యాసెట్టు. వీడియోగ్రాఫరు పెళ్లికూతురి కోసం తీశాడు. చరిత్రకు కావలసింది ఆమె వెనకున్నది. ఊరేగింపు పోయిన వీధి, నాపరాయి పరిచిన గచ్చు, బండల లారీలు, తెలుగు కన్నడ ఉర్దూ మూడూ కలిసి ఉన్న దుకాణాల బోర్డులు, బంతి భోజనంలో ఏం వడ్డించారు, ఎవరు ఏ పంక్తిలో కూర్చున్నారు అన్నవి ఏ గెజిటీరులోనూ ఉండవు. వీడియోగ్రాఫరు ‘అటు జరగండన్నా’ అని పక్కకు పంపిన కూలి మనిషి చొక్కా కూడా ఆధారమే.

వీహెచ్‌ఎస్ టేపు నైట్రేట్ కన్నా తొందరగా పోతుంది. అయస్కాంత పొర రాలిపోతుంది, బూజు పడుతుంది, ఆడించే వీసీఆర్ దొరకదు. అయస్కాంత టేపులను 2025లోపు డిజిటల్‌లోకి మార్చుకోకపోతే చాలావరకు పోతాయని యునెస్కో 2019లోనే హెచ్చరిక కార్యక్రమం నడిపింది. ఆ గడువు దాటింది. బూజు పట్టిన టేపును ఇంట్లో ఉన్న పాత వీసీఆర్‌లో పెట్టొద్దు. హెడ్లు పాడై, అందులో తర్వాత పెట్టే టేపునూ పాడుచేస్తాయి. శుభ్రం చేయించి, కాపీ తీయించి, రెండు వేర్వేరు చోట్ల దాచాలి. అసలు టేపు పారేయకూడదు. తేదీ, ఊరు, వీధి, తీసినవారి పేరు, కనిపిస్తున్నవారి పేర్లు ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే రాయించుకోవాలి. బంధువుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు.

మాదిరి ప్రశ్నలు

‘స్వాతంత్ర్య దినపు దృశ్యాలను భారత ప్రభుత్వ చిత్ర విభాగం తీసింది.’ సరైనదా? కాదు. 1946లో విభాగం మూతపడింది, 1948 దాకా కొత్తది రాలేదు.

‘బ్యాటిల్ ఆఫ్ ది సోమ్’ మొత్తం కల్పితం అనవచ్చా? అనకూడదు. దాడికి ఎక్కే దృశ్యం తీయించింది, మిగతాది చాలావరకు అక్కడ తీసింది. ఏ దృశ్యం గురించి మాట్లాడుతున్నామో చెప్పి రాయాలి.

వ్యాసరూప ప్రశ్న: ‘1948 సెప్టెంబరు సైనిక చర్యకు దృశ్య ఆధారాల పరిధి, పరిమితి’. జవాబును తేదీలతో మొదలుపెట్టి, కెమెరా ఎవరి వెంట నడిచిందో చెప్పి, సుందర్‌లాల్ నివేదికకు రావాలి. రజాకార్ల హింసకూ, తర్వాతి హింసకూ రెంటికీ చోటివ్వాలి. జిల్లాల పేర్లు ఆనాటి సరిహద్దుల ప్రకారం రాసి, తాండూరు అప్పుడు గుల్బర్గాలో ఉందని ఒక వాక్యం చేరిస్తే, మ్యాపు తెలిసినవాడు రాశాడని దిద్దేవారికి అర్థమవుతుంది.